తుడుం దెబ్బ మీ సౌండ్ ఎఫెక్ట్ కాదు

 

ఇంగ్లీషు అక్షరాల్లో 'తుడుం' అని కొట్టి నెట్‌లో వెతకండి. మొదట వచ్చేది మన వాయిద్యం కాదు, నెట్‌ఫ్లిక్స్. సినిమా మొదలయ్యే ముందు ఎర్ర అక్షరం మీద వినిపించే ఆ రెండు దెబ్బలకు కంపెనీ వాళ్ళు పెట్టుకున్న పేరు అది. తమ అభిమానుల పండుగకు కూడా అదే పేరు. ఆ చప్పుడు తయారు చేసింది లాన్ బెండర్ అనే ఆస్కార్ పొందిన సౌండ్ ఎడిటర్. పెళ్ళి ఉంగరంతో చెక్క బీరువా మీద కొట్టిన చప్పుడు అందులో ఉంది. అంతకుముందు మేక అరుపు పెడదామా అని కూడా ఆ కంపెనీ ఆలోచించిందట. మేక గెలిచి ఉంటే ఈ పేరు తగాదా మనకు ఉండేది కాదు.

నెట్‌ఫ్లిక్స్ మన దగ్గర దొంగిలించిందని నేను అనడం లేదు. వాళ్ళకు మనం ఉన్నట్టే తెల్వదు. నేను చెప్పేది వేరే. మూడు సెకన్లు కూడా లేని ఒక చప్పుడు కోసం అంత పెద్ద కంపెనీ ఎంత ఆలోచించిందో చూడండి. మొదట వినిపించే చప్పుడు మనిషి మనసులో ఎక్కడ కూర్చుంటదో వాళ్ళకు తెలుసు. మా గూడేల్లో పెద్దలకూ తెలుసు. తుడుం మోగిందంటే అది బ్యాక్‌గ్రౌండ్ కాదు, కబురు. దండారి వచ్చిందనో, అందరూ కూడాలనో చెప్పే కబురు. ఆదివాసీ హక్కుల పోరాట సమితి 'తుడుం దెబ్బ' అని పేరు పెట్టుకున్నది ఊరికే కాదు.

ఇక అసలు సంగతికి వస్తా.

నేను ఆసిఫాబాద్ నుంచి వచ్చి బాలాపూర్‌లో రూంలో ఉంటున్నా. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌ల కోసం, ఎల్బీనగర్‌లో చిన్నాచితకా ఉద్యోగాల కోసం వచ్చిన మనలాంటి పిల్లలు ఈ చుట్టుపక్కల చాలామంది. రూం కిరాయి తక్కువని ఇటు వస్తాం. ఈ మధ్య ఇంకో గుంపు కనిపిస్తున్నది. యానిమేషన్, గేమ్ డిజైన్ కోర్సులు చేసి, నలుగురు కలిసి ఒక రూంలో లాప్‌టాప్‌లు పెట్టుకుని సొంతంగా గేములు తయారు చేసే పిల్లలు. పెద్ద కంపెనీ లేదు, పెట్టుబడి లేదు. యూనిటీనో గోడోనో నెట్‌లోంచి దించుకుని రాత్రంతా పని చేస్తరు. వాళ్ళంటే నాకు గౌరవమే. 2016లో తెలంగాణ ప్రభుత్వం గేమింగ్, యానిమేషన్ కోసం ప్రత్యేకంగా పాలసీ తెచ్చింది. దాని ఫలం ఈ రూంల దాకా ఎంత వచ్చిందో వాళ్ళను అడిగితే నవ్వుతరు.

అలాంటి ఒక టీం తమ గేము నాకు చూపించింది. పేరు చెప్పను, ఎందుకంటే తప్పు వాళ్ళొక్కరిదే కాదు. కథ మామూలే. హీరో నిధి కోసం వెతుకుతుంటడు. మూడో లెవెల్‌లో అడవి వస్తది. అడవి రాగానే డ్రమ్ములు మొదలు. ధన్ ధన్ ధన్. వెనక మగవాళ్ళ గొంతులు, 'హూ హా' అని. చెట్ల వెనక నుంచి ఈకలు పెట్టుకున్న మనుషులు ఈటెలతో దూకుతరు. హీరో నరుకుతడు. నరికిన కొద్దీ పాయింట్లు.

నేనేమీ మాట్లాడకముందే ఒక తమ్ముడు అన్నడు: "అన్నా, ఇది ఫ్రీ ప్యాక్ సౌండు. ఒరిజినల్ ఫీల్ రావాలె. మీ ఊర్ల గుస్సాడీ ఆడేటప్పుడు ఫోన్ల రికార్డ్ చేసి పంపు. ఇంట్రోకు అదే పెడ్తం. మీ కల్చర్‌కు కూడా పబ్లిసిటీ అయితది."

ఆ తమ్ముడి మనసులో కపటం లేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నా. కపటం ఉన్నోళ్ళతో అయితే వేరే భాషలో మాట్లాడొచ్చు.

ముందు ఆ డ్రమ్ములు ఎక్కడివో చూద్దాం. చిన్న గేముల్లో సౌండ్ పని చివరికి వస్తది. బొమ్మలు అయిపోయి, కోడ్ అయిపోయి, అప్‌లోడ్ చేయడానికి రెండు రాత్రులు మిగిలినప్పుడు 'అరే, మ్యూజిక్ లేదు కదా' అని గుర్తొస్తది. అప్పుడు ఫ్రీ సౌండ్ లైబ్రరీలు తెరిచి 'ట్రైబల్' అని కొడతరు. వచ్చే ఫైళ్ళు వినండి. అందులో ఏ ట్రైబూ ఉండదు. పశ్చిమ ఆఫ్రికా జెంబె, జపాన్ తైకో, క్యూబా కాంగా అన్నీ ఒక గిన్నెలో వేసి కలిపిన పులుసు అది. జపాన్ వాళ్ళ గుడుల్లో, పండుగల్లో మోగే తైకో మా గోండు అడవిలోకి ఎట్లా వచ్చింది? ఎవడూ అడగడు, ఎందుకంటే 'ట్రైబల్' అనేది ఆ లైబ్రరీల్లో ఒక జాతి పేరు కాదు, ఒక మూడ్ పేరు. భయం, మోటు, ప్రమాదం అనే మూడు.

'జంగిల్' అని కొట్టినా అదే కథ. పాత టార్జాన్ సినిమాల్లో ఆఫ్రికా అడవి అని చూపిస్తూ వెనక వినిపించిన పక్షి నవ్వు కూకబరాది. అది ఉండేది ఆస్ట్రేలియాలో. అప్పటి నుంచి 'అడవి' అనగానే ఆ నవ్వు పెట్టడం అలవాటైపోయింది. ఇక మన తెలుగు సినిమా ఆకుల లంగాలు, అర్థంలేని కేకల పాటలతో మా మీద చేసిన పని గురించి మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఆ పాటలు చూసిన కళ్ళతోనే కాలేజీలో నన్ను కూడా చూశారు.

కానీ సినిమా కంటే గేము ఇంకో మెట్టు ముందుకు పోతది. ఇది అందరూ ఆలోచించాల్సిన విషయం. సినిమాలో ఒక సీను ఒకసారి చూస్తాం. గేములో నలభై సెకన్ల మ్యూజిక్ ముక్క గుండ్రంగా తిరుగుతనే ఉంటది. ఆడేవాడు చస్తడు, మళ్ళీ మొదలుపెడతడు, మళ్ళీ చస్తడు. ఒక లెవెల్ దాటేలోపు అదే డ్రమ్ము వందసార్లు వింటడు. అసలు గేములో సౌండ్ పనే అది: కంటికి కనపడకముందే చెవికి చెప్పడం. నాణెం దొరికితే ఒక టింగు, ప్రాణం తగ్గితే గుండె చప్పుడు, శత్రువు వస్తే డ్రమ్ము. పదిసార్లు అయ్యాక ఆలోచన కూడా అక్కర్లేదు. డ్రమ్ము వినగానే బొటనవేలు దాడి బటన్ మీదికి దానంతట అదే పోతది. ఇప్పుడు చెప్పండి, ఆ డ్రమ్ము మా డ్రమ్మైతే మీరు నేర్పుతున్నది ఏంది? పదేళ్ళ పిల్లగాడి చెవికి, వేలికి మధ్య ఒక దారి వేస్తున్నరు. ఆదివాసీ చప్పుడు వినపడితే కొట్టు. అంతే కదా? రేపు ఆ పిల్లగాడు పెద్దవాడై పోడు భూముల దగ్గర డ్యూటీకి వస్తే మా డప్పు వాడికి పండుగలా వినిపిస్తదా?

ఇప్పటిదాకా ఆ డ్రమ్ములు కనీసం నకిలీవి. మా ఊరి రికార్డింగ్ పంపితే అదే లెవెల్‌లో అసలైన తుడుం మోగుతది. నకిలీ చప్పుడుతో చేసే అవమానాన్ని అసలు చప్పుడుతో చేయమని అడుగుతున్నరన్నమాట.

గుస్సాడీ అంటే ఏందో తెలియక అడిగారనుకుందాం. దీపావళి రోజుల్లో దండారి. నెమలి ఈకల టోపీ, జింక చర్మం, ఒంటికి బూడిద. ఆ రోజుల్లో గుస్సాడీ మామూలు మనిషి కాదు, ఏత్మాసూర్ పేన్ రూపం. స్నానం చేయడు, మంచం మీద పడుకోడు. పక్కన డప్పు, తుడుం, పెప్రె, కాళికొమ్ము మోగుతయి. కోలబోడితో అయిపోతే ఆ టోపీలు మళ్ళీ వచ్చే ఏడు దాకా తియ్యరు. ఏ చప్పుడు ఎప్పుడు మోగాలె, ఎప్పుడు మోగకూడదు అని మాకు లెక్క ఉంది. మర్లవాయి కనకరాజు గారు జీవితమంతా ఈ గుస్సాడీనే నేర్పి 2021లో పద్మశ్రీ అందుకున్నరు, 2024 అక్టోబర్‌లో కన్నుమూసిండ్రు. ఆయన నేర్పినదాన్ని మూడో లెవెల్ విలన్ మ్యూజిక్ చేస్తమంటే నోరు మూసుకుని ఉండలేం. లీడర్ వచ్చినప్పుడల్లా స్వాగతానికి గుస్సాడీ టోపీలు బయటికి తీయించే మనోళ్ళకు కూడా ఈ మాట వర్తిస్తది, కోపం వచ్చినా సరే.

ఇక రెండో వాదన: 'జానపదానికి ఓనర్ ఎవరన్నా? అందరిదీ కదా.'

ఇది వినడానికి తియ్యగా ఉంటది. తైవాన్‌లో అమీస్ అనే ఆదివాసీ తెగ ఉంది. ఆ తెగ పెద్దాయన దిఫాంగ్, ఆయన భార్య ఇగాయ్ 1988లో యూరప్ పోయి తమ పాటలు పాడిండ్రు. వాళ్ళకు తెలియకుండా రికార్డు చేసిండ్రు. ఫ్రాన్స్‌లో ఒక సంస్థ సీడీ వేసింది. ఎనిగ్మా అనే జర్మనీ బృందం ఆ గొంతులు తీసి తమ పాటలో కలిపింది. అనుమతికి డబ్బులు కట్టింది కూడా, కాని పాడిన ఆ ఇద్దరికి కాదు. ఆ పాట ప్రపంచమంతా మోగింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలో కూడా వాడిండ్రు. తమ గొంతే అది అని ఆ ముసలి దంపతులకు ఎవరో చెప్తే తెలిసింది. కోర్టుకు పోయిండ్రు. 1999లో బయట రాజీ అయ్యి, పేరూ డబ్బూ దక్కినయి. అంటే ఓనర్ ఉన్నడు. వెతకాలనే బుద్ధి లేదు, అంతే.

అంత దూరం ఎందుకు? బాలాపూర్‌కు దగ్గర్లోనే తుర్కయంజాల్ ఉంది. 2021లో 'భీమ్లా నాయక్' పాట వచ్చినప్పుడు మొదట వినిపించే కిన్నెర, గొంతు గుర్తున్నయా? దర్శనం మొగులయ్య గారివి. పన్నెండు మెట్ల కిన్నెర. ఆయన డక్కలి కులస్తుడు, ఆదివాసీ కాదు, కాని మన బాధ ఒక్కటే. ఆ ఇంట్రో కోట్ల మంది విన్నరు. 2022లో పద్మశ్రీ ఇచ్చిండ్రు. 2024లో అదే మనిషి తుర్కయంజాల్‌లో బిల్డింగ్ పని దగ్గర కూలి చేస్తూ కనపడ్డడు. నెలకు 10 వేల గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పిండు. వార్త వచ్చినంక సాయం చేస్తమని ప్రభుత్వం మాట ఇచ్చింది. పబ్లిసిటీ కడుపు నింపేదైతే ఈ రాష్ట్రంలో మొగులయ్య కంటే ఎక్కువ పబ్లిసిటీ ఏ జానపద కళాకారుడికి వచ్చింది?

చట్టం సంగతి కూడా చెప్పాలె. తరతరాల బాణీకి 1957 కాపీరైట్ చట్టంలో ఓనర్ దొరకడు, నిజమే. ఆ చట్టం రాసినోళ్ళకు ఒక ఊరంతా కలిసి ఒక పాటను కాపాడుకోవడం అనేది ఊహలో లేదు. కాని అదే చట్టంలో సెక్షన్ 38 ఉంది. ప్రదర్శకుడి హక్కు. 50 ఏళ్ళు ఉంటది. బాణీ ఎవరిదైనా కావచ్చు, నిన్న సాయంత్రం పెప్రె ఊదిన మనిషికి ఆ ఊదిన దాని మీద హక్కు ఉంది. ఆయన ఒప్పుకోకుండా రికార్డు చేసి గేములో పెట్టి అమ్మితే అది 'జానపదం' కాదు, ఉల్లంఘన. మన కళాకారులకు ఈ సెక్షన్ నంబర్ కంఠతా రావాలె.

'అన్నా, బడ్జెట్ లేదు' అనేది మూడోది. స్టీమ్‌లో గేము పెట్టాలంటే 100 డాలర్లు కట్టాలె. ప్లేస్టోర్‌లో అయితే 25 డాలర్లు. అవి కడుతున్నరు. అమెరికా కంపెనీకి ముందే కట్టాల్సిన ఫీజు కనపడ్డప్పుడు బడ్జెట్ దొరుకుతది, జైనూర్ మండలంలో కాళికొమ్ము ఊదే తోటి తాతకు ఇవ్వాల్సి వస్తే దొరకదు. మా బాలాపూర్‌లోనే 2024 గణేశ్ లడ్డూ 30 లక్షల 1 వెయ్యికి పోయింది. ఈ నగరంలో డబ్బు లేక కాదు, డప్పు కొట్టేవాడి వంతు వచ్చినప్పుడే చిల్లర వెతుకుతరు.

మరి గేములో మా చప్పుడు ఉండొద్దా? మనోళ్ళలో కొందరు ఇదే అంటున్నరు. అసలు బయటికి ఇవ్వొద్దు, గేములంటేనే పిల్లల్ని పాడు చేసేవి, వదిలెయ్యి అని. వాళ్ళ భయం నాకు అర్థమైతది, కాని ఒప్పుకోను. మనం పెట్టకపోతే ఆ ఖాళీలో తైకో, కూకబరా మోగుతనే ఉంటయి.

అలాస్కాలో ఏం చేసిండ్రో చూడండి. అక్కడ కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అని ఆదివాసీల సంస్థ. వాళ్ళే ఒక గేమ్ కంపెనీ పెట్టి, ఈ-లైన్ మీడియా వాళ్ళతో కలిసి 2014 నవంబర్‌లో 'నెవర్ అలోన్' అనే గేము తెచ్చిండ్రు. ఇన్యుపియాక్ భాషలో దాని పేరు 'కిసిమా ఇంగిత్‌చునా', నేను ఒంటరిని కాదు అని. మంచు తుపాను ఎక్కడ పుడుతున్నదో వెతకపోయే ఒక ఆడపిల్ల, ఆమె వెంట ఒక తెల్ల నక్క. కథ రాబర్ట్ నాస్రుక్ క్లీవ్‌లాండ్ అనే కథకుడు చెప్పింది. ఆయన అప్పటికే లేడు. ఏం చేసిండ్రు? 'జానపదం కదా' అనలేదు. ఆయన బిడ్డ మిన్నీ గ్రే దగ్గరికి పోయి అడిగిండ్రు. ఆమె ఒప్పుకున్నంకనే కథ ముట్టుకున్నరు. దాదాపు 40 మంది పెద్దలు, కథకులు, ఊరివాళ్ళు తయారీలో కూర్చున్నరు. గేము మొదలైతే వినిపించే గొంతు ఇంగ్లీషుది కాదు. ఒక పెద్దాయన ఇన్యుపియాక్‌లో కథ చెప్తుంటడు, కింద అక్షరాలు వస్తయి. మొదటి బొమ్మలు కూడా వాళ్ళు ఎముక మీద చెక్కే పద్ధతిలో ఉంటయి. తెలియని భాష అని ఆడేవాళ్ళు పారిపోలేదు. మరుసటి సంవత్సరం దానికి బాఫ్టా అవార్డు వచ్చింది.

గోండి మాతృభాష అని 2011 లెక్కల్లో చెప్పుకున్నవాళ్ళు 29 లక్షల పైన. ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు లేదు, సరే, అది వేరే పోరాటం. గేము ఇంట్రోకు షెడ్యూల్ అక్కర్లేదు కదా? ఒక పర్‌ధాన్ తాత కిక్రి మీద గీస్తూ గోండిలో నాలుగు మాటలు చెప్తే, కింద తెలుగు అక్షరాలు వేస్తే ఎవడు వద్దంటడు? టైటిల్ గోండి లిపిలో వేయొచ్చు. 'ఫాంట్ లేదు' అనే సాకు చెల్లదు. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది, గూగుల్ నోటో ఫాంట్ ఉచితంగా దొరుకుతది.

మన పిల్లలకు ఒక మాట. సౌండ్ పని మీరే నేర్చుకోండి. దీనికి స్టూడియో అక్కర్లేదు. ఫోను, ఒక చిన్న మైకు, గాలి కొట్టకుండా దానికి చుట్టడానికి ఇంత దూది, ఉచితంగా దొరికే ఆడాసిటీ, అంతే. మాఘం, ఫాల్గుణంలో టేకు ఆకు రాలి ఎండిపోతది. దాని మీద అడుగేస్తే వచ్చే పటపట ప్రపంచంలో ఏ లైబ్రరీలో ఉంది? తెల్లారుజామున ఇప్పపువ్వు రాలే టప్ టప్, మోట్లో చెయ్యి పెట్టి నీళ్ళు తోడే చప్పుడు, దూరంగా ఎద్దుల మెడ గంట, అడవికోడి, నెమలి. ఇవి ఏ దేవుడివీ కావు, ఏ పండుగవీ కావు, రికార్డు చేయడానికి మీ ఊరి పిల్లలే చాలు. ఒక్క అడుగు చప్పుడును ఆరేడుసార్లు వేర్వేరుగా తీయండి. ఒకటే ముక్క తిప్పి తిప్పి పెడితే ఆడేవాడికి రెండు నిమిషాల్లో విసుగొస్తది. గేములో మార్చి మార్చి వచ్చేటట్టు పెట్టండి. చిన్న చప్పుళ్ళు వేవ్ ఫైలుగా ఉంచండి. తిరిగే మ్యూజిక్‌ను ఎంపీత్రీలో పెట్టొద్దు, మొదట్లో సన్న ఖాళీ పడి అతుకు దగ్గర 'టక్' అంటది, ఓగ్‌లో పెట్టండి. ఇంట్రో పది, పదిహేను సెకన్లు దాటనీయకండి. రెండోసారి ఆడేవాడికి దాటేసే బటన్ ఇవ్వండి. కాని మొదటిసారి మాత్రం వాయించినోళ్ళ పేర్లు, ఊర్ల పేర్లు కనపడాలె. 'సంప్రదాయ సంగీతం' అని గాలికి రాసే కార్డు వద్దు.

గుస్సాడీ వీడియోల మీద డీజే బీట్ వేసి రీల్స్ పెట్టే తమ్ముళ్ళు కూడా ఇది చదువుతున్నరని నాకు తెలుసు. మిమ్మల్ని మర్చిపోలేదు. వేరే రోజు మాట్లాడుకుందాం.

ఆ టీంకు నేను చెప్పింది ఇది. ఈకల మనుషుల్ని ఆ లెవెల్ నుంచి తీసెయ్యండి, లేదా అడవిలో హీరోకు దారి చెప్పే మనుషుల్ని చెయ్యండి. దండారి చప్పుడు అడగొద్దు. వేరే వాయింపు కావాలంటే ఊరికి రండి. పటేల్, దేవారి, వాయించే కుటుంబాలు కూర్చుంటరు. ఏది ఇవ్వొచ్చో వాళ్ళు చెప్తరు. వాయించినందుకు అదే రోజు డబ్బు, అమ్మిన దాంట్లో వాటా, రెండూ కాగితం మీద ఉండాలె, ఆ కాగితం గోండిలో చదివి వినిపించాలె. రికార్డింగ్ నకలు ఊరి దగ్గర ఉండాలె. వేరే గేముకు వాడాలంటే మళ్ళీ వచ్చి అడగాలె.

తమ్ముళ్ళు తల ఊపిండ్రు. ఒకడు మాత్రం 'ఇంత ప్రాసెస్ అయితే రిలీజ్ లేటైతది అన్నా' అన్నడు. కానీయండి. ఊరి పెద్దలకు కబురు పంపిన. వాళ్ళ జవాబు వచ్చేదాకా మూడో లెవెల్‌లో కీచురాళ్ళు మోగనీయండి.